ఎనిమిది జట్లు, ఒక్క పరావలయం: గ్రాఫులు గీయడం పోటీగా నేర్పే పద్ధతి

పదో తరగతి బహుపదుల పాఠంలో గ్రాఫు లెక్క వచ్చేసరికి క్లాసు రెండుగా చీలుతుంది. నలుగురైదుగురు పట్టిక వేసి, చుక్కలు పెట్టి, వంపు గీసేస్తారు. మిగతావాళ్లు పక్కవాళ్ల షీటు చూసి దించేస్తారు. గదిలోకి ఐఎఫ్‌పి ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) వచ్చాక ఇంకో ముచ్చట మొదలైంది. సారు సమీకరణం టైప్ చేస్తారు, అరక్షణంలో దాని వంపు, అంటే పరావలయం, ప్రత్యక్షమవుతుంది, పిల్లలు "ఓ" అంటారు. మర్నాడు గ్రాఫు పేపరు చేతికిస్తే స్కేలు దగ్గరే ఆగిపోతారు.

అందుకని ఇక్కడ చెప్పే నాలుగు ఆటలకూ ఒకటే నియమం. తెర ముందుగా ఏమీ చెప్పకూడదు. జట్టు పలక మీద రాసి పైకెత్తాకే, అది ఒప్పో తప్పో తెర మీద తేలాలి. ఈ వరస తిరగబడితే ఎంత ఖరీదైన ప్యానెలైనా పెద్ద టీవీతో సమానం.

ఇదంతా 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్లు రెండు అన్న లెక్కతో రాసింది. వర్గ బహుపది అంటే ఏమిటో, శూన్యాలంటే (బహుపది విలువను సున్నా చేసే ఎక్స్ విలువలు) ఏమిటో అప్పటికే ఒకసారి చెప్పి ఉండాలి.

కావలసినవి

ప్యానెల్ గానీ, ప్రొజెక్టర్ తగిలించిన ల్యాప్‌టాప్ గానీ ఒకటి. ట్యాబ్‌లు ఎనిమిది ఉంటే జట్టుకొకటి, నాలుగుంటే రెండు జట్లకు ఒకటి. అసలు లేకపోయినా ఆట ఆగదు, మూడో ఆటలో మాత్రం జట్లు వంతులవారీగా ప్యానెల్ దగ్గరికి రావాలి. పలకలు ఎనిమిది, సుద్దముక్కలు, తుడవడానికి గుడ్డపేలికలు. గ్రాఫు షీట్లు 60 తెచ్చుకోండి, పది ఎలాగూ పాడవుతాయి. 1 నుంచి 5 వరకు అంకెలు రాసిన చీటీలు ఐదు, అవి వేయడానికి ఒక డబ్బా.

పలకల బదులు ట్యాబ్‌లోనే జవాబు పంపించవచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. ట్యాబ్‌లో జవాబు ఒక్కరి వేలి కింద ఉంటుంది, పలక మీదది ఐదుగురికీ కనబడుతుంది. పైగా గంట కొట్టగానే ఎనిమిది పలకలూ ఒకేసారి లేస్తే "మేమే ముందు చెప్పాం సార్" అనే పంచాయితీ ఉండదు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే జియోజీబ్రా, డెస్మోస్ రెండూ ఉచితమే. జియోజీబ్రా 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టినది. దాని గ్రాఫింగ్ కాలిక్యులేటర్ యాప్ ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా గ్రాఫు గీస్తుంది. నెట్ ఎప్పుడు పోతుందో తెలియని బడికి ఇదే మేలు. డెస్మోస్ టైపింగు చిన్న పిల్లలకు కూడా సులువు, నెట్ నమ్మకంగా ఉన్నచోట అది వాడండి. రెండూ కలిపి మాత్రం వాడకండి. ఒక జట్టు తెర ఒకలా, ఇంకో జట్టు తెర ఇంకోలా ఉంటే సగం పీరియడు "మాకు ఆ బటన్ లేదు సార్" తోనే పోతుంది.

ముందు రోజు

యాప్ ఎక్కించి, వైఫై ఆపేసి, తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది నిజంగా నెట్ లేకుండా పనిచేస్తున్నట్టు.

రెండు అక్షాల నిష్పత్తి 1:1 ఉందో లేదో చూడండి. గళ్లు చతురస్రాలుగా కనిపించాలి, దీర్ఘచతురస్రాలుగా కాదు. నిష్పత్తి చెడితే 2x² వెడల్పుగా సాగి x² లాగా కనిపిస్తుంది, ఆకారం చూసి ఊహించే ఆటలన్నీ దెబ్బతింటాయి. ఎక్స్-అక్షం −8 నుంచి 8 వరకు కనబడితే చాలు. అంకెలు వెనక బెంచీ దాకా కనిపించేలా సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచండి, మీరే వెనక బెంచీలో కూర్చుని ఒకసారి చూసుకోండి.

మూడో ఆటకు కావలసిన గ్రాఫులు ముందే గీసి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. సమీకరణం దాచేసి గ్రాఫును అలాగే తెర మీద చూపించవచ్చు కదా అంటే, కుదరదు. డెస్మోస్‌లో వంపు మీద వేలు పెట్టగానే శూన్యాలు, శీర్షం (వంపు తిరిగే కొన) ఉన్నచోట చుక్కలు లేస్తాయి, వాటిని తాకితే నిరూపకాలు కనిపిస్తాయి. ఆ సంగతి కనిపెట్టడానికి పిల్లలకు పట్టే సమయం మూడు నిమిషాలు. బొమ్మ అయితే తాకినా ఏమీ చెప్పదు.

జట్లు కట్టడం

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల మార్కుల వరసలో పేర్లు రాసుకోండి. మొదటి ఎనిమిది మందిని ఒకటి నుంచి ఎనిమిది జట్లకు, తర్వాతి ఎనిమిది మందిని ఎనిమిది నుంచి ఒకటికి వెనక్కి, మళ్లీ ముందుకి, ఇలా పాము నడకలో పంచండి. అన్ని జట్ల బలం దాదాపు సమానంగా వస్తుంది. తర్వాత చేత్తో ఒకటి రెండు మార్పులు చేసుకోండి: మాటల్లేని ఇద్దరిని ఒకచోట వేయకండి, విడదీయరాని ఇద్దరిని వేరుచేయండి. ఏ, బి అని కాకుండా నదుల పేర్లు పెడితే సరిపోతుంది: గోదావరి, కృష్ణ, పెన్న, మంజీర, తుంగభద్ర, వంశధార, నాగావళి, మూసీ.

జట్టులో ఒక్కొక్కరికి 1 నుంచి 5 దాకా ఒక అంకె. పనులు కూడా ఐదు: లెక్క వేసేవారు, పలక రాసేవారు, ట్యాబ్ పట్టేవారు, గ్రాఫు పేపరు మీద గీసేవారు, తప్పు పట్టేవారు. ఐదో పనిని చిన్నచూపు చూడకండి. లెక్క వేసినవాళ్లు తమ తప్పు తాము చూసుకోలేరు, పక్కన ఒకరి పని అదే అయితే చూస్తారు. ప్రతి ఆటకూ పనులు ఒక్కో అంకె జరగాలి. జరపకపోతే ట్యాబ్ మొదటి రోజు ఎవరి చేతిలో ఉందో చివరి రోజూ వాళ్ల చేతిలోనే ఉంటుంది.

పాయింట్లు ఇచ్చే తీరులోనే ఉంది కిటుకంతా. వేగానికి పాయింట్లు ఇవ్వకండి. జవాబు ఒప్పయితే జట్టుకు 2. తర్వాత డబ్బాలోంచి చీటీ తీయండి. మూడు వస్తే ప్రతి జట్టులోనూ మూడో అంకె ఉన్నవాళ్లు లేవాలి, మీరు అడిగిన జట్టువాళ్లు ఆ జవాబు ఎలా వచ్చిందో చెప్పాలి. చెబితే ఇంకో 2. చెప్పలేకపోతే ఆ రెండూ రావు. ఈ చీటీ ఒక్కటి ఉంటే చాలు, బాగా వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పడం వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు, చీటీ ఎవరి మీద పడుతుందో తెలియదు కాబట్టి. ఇతర జట్టు తప్పును కారణంతో సహా చూపిస్తే 1. తప్పు చేసిన జట్టే తన తప్పు ఎక్కడో చెప్పుకుంటే దానికీ 1. స్కోరు బోర్డు మీద సుద్దతో రాయండి, ప్యానెల్‌కు వేరే పని ఉంది.

మొదటి ఆట: తలా ఒక చుక్క

బోర్డు మీద y = x² − x − 6 అని రాయండి. −3 నుంచి 4 వరకు ఎనిమిది ఎక్స్ విలువలు, జట్టుకొకటి. రెండు నిమిషాలు. గంట కొట్టగానే పలకలు పైకి.

రావలసినవి ఇవి: −3కి 6, −2కి 0, −1కి −4, 0కి −6, 1కి −6, 2కి −4, 3కి 0, 4కి 6. తప్పు జవాబులు కూడా మీ దగ్గర రాసి ఉంచుకోండి, ఎందుకంటే తప్పు ఏ అంకెగా వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది. −2 వచ్చిన జట్టు −8 రాసిందంటే (−2)²ను −4 చేసింది. −4 రాసిందంటే వర్గం సరిగ్గానే చేసి, −(−2) దగ్గర గుర్తు మార్చడం మరిచిపోయింది. −3 వచ్చిన జట్టుకు అవే తప్పులు −12గా, 0గా బయటపడతాయి. తప్పులన్నీ రుణ సంఖ్యలు వచ్చిన జట్ల దగ్గరే ఎక్కువ, అందుకే ఆ మూడు విలువలూ కాస్త గట్టి జట్లకు కాకుండా ఎవరికి పడితే వాళ్లకు పడనివ్వండి.

తప్పు పలకను అప్పుడే దిద్దకండి. ఎవరేం రాశారో అదే తెర మీదకు ఎక్కించండి. జట్టు నుంచి ఒకరు వచ్చి తమ చుక్కను టైప్ చేస్తారు, (−3, 6) అని బ్రాకెట్లతో సహా. వేలితో తెర మీద నేరుగా పెట్టనివ్వకండి. వేలు లావు, గడి సన్నం, చుక్క 5.9 దగ్గర పడుతుంది, ఇక దాని మీద వాదన. ఎనిమిది చుక్కలూ పడ్డాక క్లాసును ఒక నిమిషం ఊరికే చూడనివ్వండి. (−2, −8) లాంటి చుక్క ఉంటే గుంటలో పడ్డట్టు కనబడుతుంది, ఎవరో ఒకరు "సార్, ఆ చుక్క తేడాగా ఉంది" అంటారు. అన్నవాళ్ల జట్టు కారణం చెప్పాలి. "మిగతావి రెండు పక్కలా ఒకేలా ఉన్నాయి, ఇదొక్కటి లేదు" అంటే చాలు, సౌష్ఠవం అన్న మాట అప్పుడు మీరు చెప్పండి. మాట కంటే ముందు దాని అవసరం వచ్చింది.

ఇప్పుడు అసలు ఘట్టం. చుక్కలు కలపమనండి, గ్రాఫు పేపరు మీద, జట్టుకొక షీటు. (0, −6), (1, −6) దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది జట్లలో సగానికి పైగా స్కేలుతో అడ్డంగా గీత గీస్తారు. పరావలయం అడుగు పళ్లెంలా చదునుగా తయారవుతుంది. ఆపండి. బోర్డు మీద మూడు అవకాశాలు రాయండి: సున్నాకీ ఒకటికీ మధ్య వంపు చదునుగా ఉంటుంది, మొనదేలి ఉంటుంది, ఇంకా కిందికి గుండ్రంగా దిగుతుంది. జట్లు పలక మీద ఒకటి ఎంచుకుని రాయాలి. రాశాక, 0.5 దగ్గర లెక్క వేయమనండి. 0.25 − 0.5 − 6, అంటే −6.25. పావు యూనిట్ కిందికి దిగింది. అప్పుడు మీరు సమీకరణం టైప్ చేయండి. వంపు పిల్లలు పెట్టిన ఎనిమిది చుక్కల మీదుగా పోతుంది, ఆ అడుగున జూమ్ చేసి చూపించండి. చేత్తో వేసిన −6.25 అక్కడ కనిపించాక ఆ పిల్లలు పరీక్షలో పళ్లెం అడుగు గీయరు.

ఈ ఒక్క ఆటకు 20 నిమిషాలు పోయినా పోనివ్వండి. మిగతా మూడింటికీ పునాది ఇదే.

రెండో ఆట: అవునా, కాదా

తెర మీద 16 గ్రాఫులు, నాలుగు వరసల్లో, అంకెలతో. నాలుగు సరళరేఖలు, పైకి తెరుచుకున్న పరావలయాలు ఆరు, కిందికి తెరుచుకున్నవి ఆరు పెట్టండి. వాటిలో ఎక్స్-అక్షాన్ని రెండు చోట్ల ఖండించేవి, ఒక్కచోట తాకేవి, అసలు తాకనివి మూడు రకాలూ ఉండాలి. ఒక జట్టు మనసులో ఒక గ్రాఫు అనుకుని దాని అంకె చీటీ మీద రాసి మీకిస్తుంది. మిగతా జట్లు వరసగా ఒక్కో ప్రశ్న అడుగుతాయి, జవాబు అవును, కాదు మాత్రమే.

ప్రతి ప్రశ్నా మిగిలినవాటిని సగానికి కోస్తే 16 ఎనిమిదవుతాయి, నాలుగవుతాయి, రెండవుతాయి, నాలుగో ప్రశ్నకు ఒకటి మిగులుతుంది. ఈ మాట ముందు చెప్పకండి. మొదటి విడతలో పిల్లలు "ఏడో బొమ్మా?" అని గుడ్డిగా అడుగుతారు, రెండో విడతకు ఎవరో ఒకరికి సగం కోసే ప్రశ్న తడుతుంది. నాలుగు ప్రశ్నల్లో తేలిస్తే 4 పాయింట్లు, ఆపైన ప్రతి ప్రశ్నకూ ఒకటి తగ్గుతుంది.

భాష గురించి ఒక పట్టింపు. "నవ్వుతున్నట్టుందా, ఏడుస్తున్నట్టుందా" అని అడుగుతారు. మొదటి విడతలో అడగనివ్వండి, మంచి మాటే అది. రెండో విడత నుంచి పాఠం మాటలే చెల్లుతాయి: x² గుణకం ధనాత్మకమా, శూన్యాలు ఎన్ని, శీర్షం వై-అక్షానికి ఏ పక్క, స్థిరపదం రుణాత్మకమా. ఈ ఆటలో ఒకే ఒక్క ప్రమాదం, జవాబు చెప్పే జట్టే తప్పు చెప్పడం. "ఒక్క శూన్యమేనా?" అంటే తాకే గ్రాఫు పెట్టుకుని కూడా "కాదు" అనేస్తారు. అందుకే అవును, కాదు అనేముందు ఇద్దరు ఒప్పుకోవాలి, తప్పు చెప్పినట్టు చివర్లో తేలితే ఆ జట్టుకు 2 కోత. 15 నిమిషాలకు మించి సాగనివ్వకండి, ఎంత సరదాగా ఉన్నా.

మొదటి పీరియడు ఇంతే.

మూడో ఆట: సమీకరణం పట్టుకో

ఇక్కడ దారి వెనక్కి. గ్రాఫు కనిపిస్తుంది, సమీకరణం రాయాలి. స్క్రీన్‌షాట్ తెర మీద పెట్టండి, పలక మీద సమీకరణం రాసి ఎత్తాకే ట్యాబ్‌లో టైప్ చేసుకోవాలి. మొదటి ప్రయత్నంలో కలిస్తే 3, రెండోసారి 2, మూడోసారి 1. ప్రయత్నాల లెక్క పక్క జట్టులోని తప్పు పట్టేవారు చూస్తారు. ట్యాబ్ ముందు చేతికిస్తే ఏమవుతుందంటే, అంకెలు మారుస్తూ పోతారు, ఎప్పుడో ఒకప్పుడు కలుస్తుంది, ఎందుకు కలిసిందో తెలియదు.

నాలుగు లక్ష్యాలు ఈ వరసలో ఇవ్వండి.

మొదటిది y = x² − 4. శూన్యాలు −2, 2. ఇది ధైర్యం కోసం.

రెండోది −1, 3 దగ్గర ఎక్స్-అక్షాన్ని, −6 దగ్గర వై-అక్షాన్ని ఖండించే పరావలయం. దాదాపు అందరూ (x + 1)(x − 3) రాసి పలక ఎత్తుతారు. టైప్ చేస్తే శూన్యాలు కలుస్తాయి, కానీ వంపు వై-అక్షాన్ని −3 దగ్గరే కోస్తుంది. శూన్యాలు ఒకటే అయినంత మాత్రాన బహుపది ఒకటే కాదన్న సంగతి ఉపన్యాసం లేకుండా ఇక్కడ తెలుస్తుంది. ముందు a పెట్టి, సున్నా ప్రతిక్షేపించమనండి: a × 1 × (−3) = −6, కాబట్టి a = 2.

మూడోది y = −x² + 2x + 3. శూన్యాలు మళ్లీ −1, 3. కావాలనే అవే ఇచ్చాం. ఈసారి వై-అక్షాన్ని 3 దగ్గర ఖండిస్తుంది, కాబట్టి a = −1. రెండో లక్ష్యం అర్థమైన జట్టుకు ఇది అర నిమిషం పని. ఎవరికి ఐదు నిమిషాలు పడుతోందో చూసుకోండి, వాళ్లకు రెండోది పక్కవాళ్లు చెప్పగా వచ్చిందన్నమాట.

నాలుగోది ఎక్స్-అక్షాన్ని తాకనే తాకదు. శీర్షం (1, 2), వై-అక్షాన్ని (0, 3) దగ్గర ఖండిస్తుంది, (2, 3) గుండా పోతుంది. శూన్యాలు లేవు, కారణాంకాల దారి మూసుకుపోయింది. ax² + bx + cలో చుక్కలు ప్రతిక్షేపిస్తే c = 3, a + b = −1, 4a + 2b = 0 వస్తాయి. అంటే a = 1, b = −2, సమీకరణం y = x² − 2x + 3. రెండు జట్లకే వచ్చినా ఫరవాలేదు.

ఆట అయ్యాక మూడు నిమిషాలు స్లైడర్. ప్యానెల్ మీద y = a(x + 1)(x − 3) టైప్ చేసి aకు స్లైడర్ పెట్టండి. aను 2 నుంచి −2కు జరుపుతూ పోతే దారిలో సున్నా దగ్గర ఏమవుతుందో ముందు పలక మీద రాయించండి. "మాయమైపోతుంది" అని చాలామంది రాస్తారు. నిజానికి వంపు చదునై ఎక్స్-అక్షం మీద పడుకుంటుంది, శూన్యాలు రెండూ మాత్రం చివరి దాకా కదలకుండా ఉంటాయి. వర్గ బహుపది నిర్వచనంలో a సున్నా కాకూడదని ఎందుకు రాస్తారో ఇంతకంటే బాగా చూపించే చోటు ఇంకోటి లేదు.

నాలుగో ఆట: ఆరు చుక్కలు

తెర మీద ఆరు చుక్కలు పెట్టండి: (−2, 4), (−2, 0), (−1, 1), (0, 2), (1, 1), (2, 4). అతి తక్కువ ప్రమేయాలతో ఆరింటినీ కలపాలి. వాడిన ప్రతి ప్రమేయానికీ జట్టుకు ఉన్న 6 పాయింట్ల నుంచి ఒకటి పోతుంది.

ఒక్క దానితో కుదురుతుందా అని తప్పకుండా అడుగుతారు. జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. −2కి 4 కావాలి, 0 కూడా కావాలి, ఒక ఎక్స్‌కు రెండు వైలు ఇచ్చేది ప్రమేయం కాదు. రెండింటితో కుదురుతుంది. y = x + 2 నాలుగు చుక్కలను పట్టుకుంటుంది, మిగిలిన (−2, 4), (1, 1) రెంటినీ y = x² పట్టుకుంటుంది. ఇంకో దారి కూడా ఉంది: y = x + 2, y = 2 − x, రెండూ సరళరేఖలే. పిల్లలకు సాధారణంగా ముందు దొరికేది ఇదే. మీ మనసులో ఉన్న జవాబు పరావలయం అని దీన్ని కొట్టిపారేయకండి, పూర్తి పాయింట్లు ఇవ్వండి. రెండో దారి కూడా చూపిన జట్టుకు అదనంగా 2.

ఎక్కడ బెడిసికొడుతుంది

ప్యానెల్ పెన్నుతో గ్రాఫు మీద గీసినప్పుడు ఆ గీత వేరే పొర మీద ఉంటుంది. తర్వాత ఎవరైనా వేళ్లతో జూమ్ చేస్తే గ్రాఫు జరుగుతుంది, గీత అక్కడే ఉంటుంది. సరిగ్గా గీసిన జట్టుది కూడా తప్పులా కనబడుతుంది. పెన్ను గీతలు ఉన్నంతసేపూ జూమ్ బంద్. తెర మీద అరచేయి ఆనించడం వల్ల కూడా ఇలాగే జరుగుతుంది, పొట్టి పిల్లలు పైగడి అందుకోబోయి ఆనిస్తారు.

టైపింగులో ఘాతం పెట్టాక కర్సర్ కొన్నిసార్లు పైనే ఉండిపోతుంది. కుడి బాణం నొక్కి కిందికి దించకపోతే −x − 6 కూడా ఘాతంలోకి పోయి ఏదో వింత వంపు వస్తుంది. తెర మీద సమీకరణం బోర్డు మీది సమీకరణంలా కనిపిస్తోందా లేదా అని చూడడం తప్పు పట్టేవారి పనిలో చేర్చండి.

−2^2 అని బ్రాకెట్ లేకుండా కొడితే −4 వస్తుంది, (−2)^2 అంటే 4. "యంత్రం కూడా మాలాగే చేసింది సార్" అంటారు. యంత్రం తప్పు చేయలేదు, బ్రాకెట్ లేకపోతే వర్గం 2కు మాత్రమే పడుతుంది. మొదటి ఆటలో −8 రాసిన జట్టుతోనే ఈ రెండూ పక్కపక్కన టైప్ చేయించండి.

కరెంటు పోతే ఆట ఆపకండి. మొదటి, నాలుగో ఆటలు బోర్డు మీద గళ్లు గీసుకుని ఆడవచ్చు.

ఇంటర్మీడియట్‌లో ప్రమేయాల పాఠానికి ఇవే ఆటలు |x|, [x] (xకు మించని గరిష్ఠ పూర్ణాంకం), sin xలతో పనికొస్తాయి. రెండు జాగ్రత్తలు. సాఫ్ట్‌వేర్ sin xను రేడియన్లలో గీస్తుంది. డిగ్రీలకు మార్చి, తెరను −8 నుంచి 8 దగ్గరే ఉంచితే తరంగం బదులు దాదాపు అడ్డగీత కనిపిస్తుంది, ఎక్స్-అక్షాన్ని 360 దాకా సాగదీయాలి. [x] మెట్ల చివర నిండు చుక్క, ఖాళీ చుక్క సాఫ్ట్‌వేర్ పెట్టదు. ఆ చుక్కలు ఎటు పెట్టాలన్నదే అక్కడ అసలు ప్రశ్న, కాబట్టి పెన్నుతో పిల్లల చేతే పెట్టించండి, పాయింట్లు దానికే ఇవ్వండి.

చివరి పావుగంట గ్రాఫు పేపరుకే

రెండో పీరియడులో 15 నిమిషాలు మిగిల్చండి. ట్యాబ్‌లు బీరువాలోకి, ప్యానెల్ ఆపు. పరీక్షలో చేతిలో ఉండేది పెన్సిలూ స్కేలూ మాత్రమే. ప్రతి ఒక్కరూ సొంతంగా y = 2x² − 4x − 6 గీయాలి, −2 నుంచి 4 వరకు. వై విలువలు 10, 0, −6, −8, −6, 0, 10. రెండు అక్షాల మీదా 1 సెం.మీ. = 1 యూనిట్ అని మొదలుపెట్టినవాళ్లకు నిలువుగా 18 సెం.మీ. కావాలి, మూలబిందువును ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోకపోతే చుక్కలు అంచు దాటిపోవచ్చు. వై-అక్షం మీద 1 సెం.మీ. = 2 యూనిట్లు తీసుకోవాలని వాళ్లకే తట్టేదాకా ఆగండి. దిద్దేటప్పుడు ఈ వరసలో చూడండి: స్కేలు రాశారా, అక్షాలకు పేర్లు పెట్టారా, పట్టిక ఉందా, వంపు చేత్తో గీశారా లేక చుక్కకూ చుక్కకూ మధ్య స్కేలు పెట్టారా, శూన్యాలు −1, 3 అని విడిగా రాశారా. ఎక్కువమంది మరిచేది మొదటిదీ చివరిదీ.

మర్నాడు పీరియడు మొదట్లో ఐదు నిమిషాల చిన్న పరీక్ష, జట్లు లేవు, ఎవరికి వాళ్లే. బోర్డు మీద y = x² + 2x − 3 రాసి, దానికి ఎవరో వేసిన పట్టిక అని చెప్పి −4 నుంచి 2 వరకు ఈ విలువలు ఇవ్వండి: 5, 0, −3, −6, −3, 0, 5. ఒకటి తప్పు, ఏది? ఇందులో రెండు పక్కలా అంకెలు సమానంగానే ఉన్నాయి, కాబట్టి సౌష్ఠవం ఒక్కటే చూసి తప్పు వెతికేవాళ్లకు ఇది దొరకదు. −1 దగ్గర మళ్లీ లెక్క వేసి −4 రాసినవాళ్ల పేర్లు ఒక పక్క, రాయనివాళ్ల పేర్లు ఒక పక్క రాసుకోండి. తర్వాతిసారి జట్లు కట్టేటప్పుడు ఎఫ్ఏ మార్కుల బదులు ఈ జాబితా వాడండి.